సాఫ్ట్‌వేరు వేదిక మార్పిడి

సాఫ్ట్‌వేరు వేదిక మార్పిడి అనగా, ప్రోగ్రాములకు ఆధారముగా ఉన్న ప్రాసెసరు గాని, ఆపరేటింగ్ సిస్టము గాని, ఫైళ్ళను దాచు పద్ధతి గాని మారిపోయినపుడు, వాటిని వాడువారు పాతదాని నుండి క్రొత్తదానికి తరలిపోవుట. ఆంగ్లములో ప్లాట్‌ఫారము అని వాడు పదమునకు ఇక్కడ వేదిక అను మాట తీసికొనబడినది. రైల్వే స్టేషనులో బండి రావలసిన ప్లాట్‌ఫారము మారినదని చివరి నిమిషములో మైకులో చెప్పినపుడు, మూటాముల్లె సర్దుకొని వంతెన మెట్లెక్కి దిగు ప్రయాణికుల అవస్థను గుర్తు చేసుకొన్నచో ఈ విషయము కొంతవరకు బోధపడును. బండి మంచిదే కావచ్చును. క్రొత్త ప్లాట్‌ఫారము కూడ మంచిదే కావచ్చును. సామాను మోయవలసినది మాత్రము ప్రయాణికుడే.

ఇటువంటి మార్పును తలపెట్టునది తయారీ సంస్థ. దాని ఫలితమును అనుభవించువారిలో ఎక్కువమంది ఇంటి లెక్కలు వ్రాసికొనువారు, దుకాణదారులు, ఉపాధ్యాయులు, డీటీపీ పనివారు. తమ యంత్రములో ఉన్న ప్రాసెసరు పేరు వారికి తెలియదు, తెలియవలసిన అవసరమును లేదు. అట్టివారిని కొన్ని ప్రసిద్ధ సంస్థలు ఏ విధముగా దాటించినవి, ఎక్కడ వదలివేసినవి అనునది ఈ వ్యాసములోని విషయము.

పాత ప్రోగ్రాము, క్రొత్త యంత్రము

ప్రతి ప్రాసెసరు కుటుంబమునకు తనదైన ఆదేశముల పట్టిక ఉండును. ఒకదాని కొరకు తయారుచేసిన ప్రోగ్రామును మరియొకదానికి ఇచ్చుట, తెలుగు మాత్రమే చదువగలిగినవానికి తమిళ పుస్తకమును ఇచ్చుట వంటిది. దీనికి రెండు మార్గములు కలవు. ప్రోగ్రాము వ్రాసినవారే దానిని క్రొత్త ప్రాసెసరు కొరకు మరల తయారుచేయుట మొదటిది. పాత ప్రోగ్రామును ఉన్నదున్నట్లుగా ఉంచి, ప్రక్కన ఒక దుబాసీని కూర్చుండబెట్టుట రెండవది. ఈ దుబాసీ పని చేయు సాఫ్ట్‌వేరును ఎమ్యులేటరు అందురు. మొదటి మార్గమునకు సమయము పట్టును. ప్రోగ్రాము వ్రాసిన సంస్థ మూతపడి ఉన్నచో అది అసలే జరుగదు. అందుచేత వేదికను మార్చు సంస్థలు రెండవ మార్గమును కొంతకాలము నడిపి, ఆ లోపల మొదటిది జరుగునని ఆశించుచుండును.

మన పరీక్షలలో సిలబసు మారినపుడు, పాత సిలబసులో తప్పినవారికి ఒకటి రెండు పర్యాయములు పాత ప్రశ్నపత్రముతోనే పరీక్ష జరుపుట పరిపాటి. ఎమ్యులేటరు అటువంటి సదుపాయమే. దానికిని గడువు ఉండును.

అయితే వాడుకరి వద్ద ఉన్నది ప్రోగ్రాము ఒక్కటే కాదు. అతడు ఏండ్ల తరబడి దాచుకొన్న ఫైళ్ళున్నవి, చేతికి పట్టువడిన అలవాటున్నది. సంస్థలు ప్రోగ్రాముల విషయములో చూపిన శ్రద్ధ ఫైళ్ళ విషయములో సగము చూపినవి. అలవాటును పట్టించుకొన్న సందర్భములు తక్కువ.

మెకింతోష్ నాలుగు పర్యాయములు మారిన వైనము

ఈ విషయమును అధ్యయనము చేయుటకు ఆపిల్ సంస్థవారి మెకింతోష్ కంప్యూటరు కంటె మంచి ఉదాహరణ దొరకదు. 1984 జనవరిలో మోటరోలా 68000 ప్రాసెసరుతో విడుదలయిన ఈ యంత్రము, ఆ తరువాత మూడుసార్లు ప్రాసెసరును, ఒకసారి ఆపరేటింగ్ సిస్టమును పూర్తిగా మార్చుకొన్నది.

మొదటి మార్పు 1994 మార్చిలో జరిగినది. ఆపిల్, ఐబీఎమ్, మోటరోలా సంస్థలు కలిసి రూపొందించిన పవర్‌పీసీ ప్రాసెసరుతో పవర్ మెకింతోష్ యంత్రములు వచ్చినవి. పాత ప్రాసెసరును అనుకరించు ఎమ్యులేటరును యంత్రములోని శాశ్వత జ్ఞాపకములోనే పొందుపరచినందున, వాడుకరి ఏమియు చేయనక్కరలేకుండ పాత ప్రోగ్రాము తెరుచుకొన్నది. ఆపరేటింగ్ సిస్టములోని చాలా భాగము సైతము మొదట ఈ ఎమ్యులేటరు మీదనే నడిచినది. రెండు ప్రాసెసరులకును కావలసిన ఆదేశములు ఒకే ఫైలులో ఇమిడియుండునట్లు క్రొత్త ప్రోగ్రాములు తయారుచేయబడినవి. ఇవి డిస్కులో ఎక్కువ చోటు ఆక్రమించినను, తన యంత్రము ఏ జాతిదో తెలియనివాడు కూడ వాటిని పొరబాటు లేకుండ కొనగలిగెను. పాత ప్రోగ్రాములు మాత్రము క్రొత్త యంత్రము మీద, పాతవాటిలో వేగవంతమైన యంత్రముల కంటె నెమ్మదిగా నడిచినవి. డబ్బు పోసి కొన్న వస్తువు మొదటి దినముననే నెమ్మదిగా ఉన్నదని చెప్పుట ఏ వ్యాపారికైనను ఇబ్బందికరమే.

రెండవ మార్పు అన్నిటి కంటె కఠినమైనది. పాత ఆపరేటింగ్ సిస్టమును బాగుచేయుటకు కోప్లండ్ అను పేరుతో చేసిన ప్రయత్నము విఫలమైన పిదప, ఆపిల్ 1996 డిసెంబరులో నెక్స్ట్ సంస్థను కొనుచున్నట్లు ప్రకటించినది. నెక్స్ట్ వారి పద్ధతికి అనుగుణముగా ప్రోగ్రాములన్నియు మరల వ్రాయవలెనని మొదట తలచిరి. అడోబ్, మైక్రోసాఫ్ట్ వంటి పెద్ద సంస్థలు ఇందుకు సుముఖత చూపలేదు. దానితో 1998లో ఆపిల్ వెనుకకు తగ్గి, పాత ప్రోగ్రాములలోని చాలా భాగమును అట్లే ఉంచి మార్చుకొను వీలు కల్పించినది. దీనికి కార్బన్ అని పేరు. అట్లు మార్చని ప్రోగ్రాముల కొరకు, క్రొత్త సిస్టము లోపలనే పాత మ్యాక్ ఓఎస్ 9 మొత్తమును నడుపు క్లాసిక్ అను ఏర్పాటు చేయబడినది.

2001 మార్చి 24న విడుదలయిన మ్యాక్ ఓఎస్ ఎక్స్ మొదటి రూపము నెమ్మదిగా ఉండెను, డీవీడీలను ఆడించలేకపోయెను. ఇక్కడ ఆపిల్ చేసిన ఒక పని మెచ్చదగినది. క్రొత్త సిస్టమును యంత్రముతో పాటు ఇచ్చుచునే, కంప్యూటరు తెరువగానే పాత సిస్టమే వచ్చునట్లు 2002 జనవరి వరకు ఉంచినది. ఆ సెప్టెంబరులో దిద్దుబాటు రూపమును ఉచితముగా ఇచ్చినది. ఇష్టమున్నవారు ముందుగా వెళ్ళి చూసి రాగలిగిరి, తక్కినవారు తమ పని తాము చేసికొనిరి. ఆ తరువాత 2002 మే నెలలో ప్రోగ్రాము రచయితల సమావేశములో స్టీవ్ జాబ్స్ వేదిక మీదకు ఒక శవపేటికను తెప్పించి మ్యాక్ ఓఎస్ 9కి అంత్యక్రియలు జరిపెను. ఇది హాస్యమునకు చేసినదే అయినను, ఇక పాతదాని కొరకు ఎవరును ప్రోగ్రాములు వ్రాయవద్దని చెప్పుటలో ఏ సందేహమును మిగుల్చలేదు. ఇంతకును ఆ అంత్యక్రియలు రచయితల కొరకు ఉద్దేశించినవి. వాడుకరుల యంత్రములలో ఓఎస్ 9 ఆ తరువాత కూడ చాలాకాలము జీవించియే ఉన్నది. పత్రికలవారు వాడు క్వార్క్ఎక్స్‌ప్రెస్ ప్రోగ్రాము 2003 వరకు క్రొత్త సిస్టమునకు రానందున, ఎందరో పుటల రూపకర్తలు అంతవరకు కదలలేకపోయిరి.

మూడవ మార్పు 2005 జూన్ 6న ప్రకటింపబడినది. ఇంటెల్ ప్రాసెసరులకు మారుచున్నామని, ఐదేండ్లుగా తమ సిస్టమును రహస్యముగా ఇంటెల్ యంత్రముల కొరకు కూడ తయారుచేయుచునే ఉన్నామని జాబ్స్ వెల్లడించెను. 2006 జనవరిలో మొదటి యంత్రములు వచ్చినవి. ఆగస్టు నాటికి ఆపిల్ యంత్రములన్నియు మారిపోయినవి. ఈ పర్యాయము దుబాసీ పేరు రోసెట్టా. ఈజిప్టులో 1799లో దొరికిన, మూడు లిపులలో చెక్కబడిన శాసనము పేరును దానికి పెట్టిరి. క్లాసిక్ ఏర్పాటు మాత్రము ఇంటెల్ యంత్రములలో లేదు. కనుక 1990లనాటి ప్రోగ్రాములను రోసెట్టా కూడ కాపాడలేకపోయినది.

గడువు తీరినపుడు ఏమి జరుగునో 2011లో తెలిసినది. ఆ జూలైలో వచ్చిన లయన్ రూపములో రోసెట్టాను తొలగించిరి. అమెరికాలో ఇంటి లెక్కలకు విస్తారముగా వాడు క్వికెన్ 2007 ప్రోగ్రాము దాని మీదనే ఆధారపడియుండెను. దానికి బదులుగా ఇంట్యూట్ సంస్థ 2010లో తెచ్చిన క్రొత్త ప్రోగ్రాములో పాతదానిలోని కొన్ని సౌకర్యములు లేవు. ఏండ్ల లెక్కలు పాత ఫైలులో ఉన్నవారు సిస్టమును మార్చకుండ ఆగిపోవలసి వచ్చినది. తెలియక మార్చినవారు ఆ ఫైలును తెరువలేకపోయిరి. చివరకు ఆ సంస్థ 2012 మార్చిలో, పేరు కూడ మార్చకుండ అదే క్వికెన్ 2007ను లయన్ మీద నడుచునట్లు దిద్ది మరల విక్రయించినది. ఐదేండ్ల నాటి సరుకును బాగుచేసి అమ్ముట సాఫ్ట్‌వేరు వ్యాపారములో అరుదు. వాడుకరులు దాని కొరకు ఎంతగా పట్టుబట్టిరో దీనిని బట్టి ఊహింపవచ్చును.

నాల్గవ మార్పు 2020 జూన్‌లో ప్రకటింపబడి, నవంబరులో ఎమ్1 ప్రాసెసరుతో మొదలై, 2023 జూన్‌లో మ్యాక్ ప్రోతో ముగిసినది. ఇది నొప్పి తెలియకుండ జరిగినదని ప్రసిద్ధి పొందినది. రోసెట్టా 2 అను క్రొత్త దుబాసీ, ప్రోగ్రాము నడుచునపుడు మాటకు మాట అనువదించుటకు బదులుగా, చాలావరకు ముందుగానే మొత్తము అనువదించి ఉంచుకొనును. కొత్త ప్రాసెసరు వేగము దీనికి తోడైనది. అయితే ఈ ప్రశంసలో మరచిపోవు విషయము ఒకటున్నది. అంతకు ఒక సంవత్సరము ముందే, 2019 అక్టోబరులో, కాటలీనా రూపములో 32 బిట్ల ప్రోగ్రాములన్నిటిని ఆపిల్ నిలిపివేసినది. దానికి సుమారు ఏడాదిన్నర ముందునుండి అట్టి ప్రోగ్రాము తెరచినపుడు తెర మీద హెచ్చరిక వచ్చుచుండెను. కాని అందులోని మాటలు సామాన్యునికి, ఈ ప్రోగ్రాము త్వరలో పనిచేయదు అను సంగతిని సూటిగా చెప్పునవి కావు. 2011 నాటి మైక్రోసాఫ్ట్ ఆఫీసుతో సహా ఎన్నో పాత ప్రోగ్రాములు ఆనాడే పోయినందున, 2020లో మోయవలసిన బరువు తగ్గినది. రోసెట్టా 2కు కూడ గడువు నిర్ణయింపబడినది. మ్యాక్ ఓఎస్ 27 వరకు అది పూర్తిగా ఉండునని, తరువాత కొన్ని పాత ఆటల కొరకు మాత్రమే మిగులునని 2025 జూన్‌లో ఆపిల్ తెలిపినది.

విండోస్ మార్గము

మైక్రోసాఫ్ట్ చిరకాలము ఇందుకు భిన్నమైన మార్గమును అనుసరించినది. పాతదానిని త్రెంచివేయకుండ మోసుకొనిపోవుట దాని పద్ధతి. 1995లో విండోస్ 95 వచ్చినపుడు డాస్ ప్రోగ్రాములు, విండోస్ 3.1 ప్రోగ్రాములు అందులో నడిచినవి. సిమ్‌సిటీ అను ఆటలో ఒక లోపము పాత విండోస్‌లో బయటపడలేదు గాని, క్రొత్త విండోస్‌లో ఆటను ఆపివేయుచుండెను. ఆటను దిద్దవలసినది దాని రచయితలు. అయినను మైక్రోసాఫ్ట్ వారు ఆ ఆట నడుచుచున్నదా అని చూసి, దాని కొరకు ప్రత్యేకముగా జ్ఞాపకమును నిర్వహించు ఏర్పాటును విండోస్‌లోనే చేసిరి. ఆట ఆగిపోయినచో వాడుకరి నిందించునది క్రొత్త విండోస్‌నే అని వారికి తెలియును. 2009లో విండోస్ 7 కొన్ని రూపములకు, లోపల విండోస్ ఎక్స్‌పీని నడుపు సదుపాయమును కూడ ఇచ్చిరి. ఈ ఓర్పునకును హద్దున్నది. 64 బిట్ల విండోస్‌లో 16 బిట్ల ప్రోగ్రాములు నడువవు. డాస్ కాలపు లెక్కల ప్రోగ్రాములు వాడు దుకాణములవారు పాత యంత్రమును అట్టిపెట్టుకొనుటయో, డాస్‌బాక్స్ వంటి స్వచ్ఛంద కార్యకర్తల ఎమ్యులేటరును ఆశ్రయించుటయో చేయవలసి వచ్చినది.

ప్రోగ్రాముల పట్ల ఇంత శ్రద్ధ చూపిన సంస్థ అలవాటు విషయములో తడబడినది. 2007 నాటి ఆఫీసులో మెనూలను తీసివేసి రిబ్బన్ అను పట్టీని ప్రవేశపెట్టిరి. ఫైలు రూపము కూడ మారినది. ఫైళ్ళ కొరకు పాత ఆఫీసులు వాడువారికి ఉచితముగా ఒక పొందిక ప్యాకేజీ ఇచ్చిరి. పాత మెనూలోని ఏ ఆదేశము క్రొత్తదానిలో ఎక్కడున్నదో చూపు మార్గదర్శినిని తయారుచేసిరి. కీబోర్డు మీద పాత మెనూ మీటలు నొక్కువారికి అవి యథాతథముగా పనిచేసినవి. మౌసుతో వెదకువారికి మాత్రము పాత మెనూకు తిరిగిపోవు దారి లేకపోయెను. ఆశ్చర్యమేమనగా, మీటలు కంఠస్థము చేసినవాడు నేర్పరి, మౌసుతో వెదకువాడు సామాన్యుడు. వంతెన అవసరము తక్కువగా ఉన్నవానికే అది లభించినది.

2012 అక్టోబరులో విండోస్ 8 నుండి స్టార్ట్ బొత్తమును తొలగించుట ఇంకొక ఉదాహరణ. విమర్శలు రాగా మరుసటి సంవత్సరము 8.1లో బొత్తము తిరిగివచ్చినది, 2015లో విండోస్ 10తో మెనూ కూడ తిరిగివచ్చినది. మన దేశములో 1957లో నయా పైసలు వచ్చినవి. ఆ తరువాత అణాలు చెలామణి నుండి పోయినను, ఇరువదియైదు పైసలను జనులు పావలా అనుట మానలేదు. అలవాటు ప్రకటనతో మారునది కాదు.

చెప్పుట, అడుగుట

ఎంత ముందుగా చెప్పవలెను, ఎంతవరకు వాడుకరి అనుమతి తీసికొనవలెను అను ప్రశ్నలు ఇటీవలి కాలములో ముఖ్యమైనవి. అడోబ్ సంస్థ ఫ్లాష్‌ను 2020 చివర నిలిపివేయుదుమని 2017 జూలైలోనే ప్రకటించినది. మూడున్నర ఏండ్ల గడువు తక్కువేమియు కాదు.

దీనికి భిన్నముగా, విండోస్ 10ను ఉచితముగా ఇచ్చిన సంవత్సరములో మైక్రోసాఫ్ట్ చూపిన తొందర విమర్శలకు గురియైనది. 2016లో తెర మీదకు వచ్చు ప్రకటనను మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి మూసివేసినచో, దానిని అంగీకారముగానే తీసికొని, నిర్ణయించిన వేళకు మార్పిడి జరిపిరి. ఇంటూ గుర్తునకు వద్దు అని అర్థమని ఇరువది ఏండ్లుగా నేర్పినది విండోసే. ఆ జూన్ చివర, వద్దనుటకు స్పష్టమైన వీలు కల్పించిరి. తాము హద్దు మీరితిమని ఆ సంస్థ మార్కెటింగు ప్రధానాధికారి క్రిస్ కపొసెలా డిసెంబరులో ఒప్పుకొనెను.

గడువు ముగిసిన పిదప కూడ సంస్థ బాధ్యత పూర్తిగా తీరదు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న సహాయము నిలిపివేసినను, 2017 మేలో వానాక్రై దాడి జరిగినపుడు దాని కొరకు రక్షణ సవరణను విడుదల చేయవలసి వచ్చినది. విండోస్ 10కి 2025 అక్టోబరు 14న గడువు తీరినది. విండోస్ 11 కోరు భద్రతా చిప్పు, క్రొత్త ప్రాసెసరు లేని యంత్రములు బాగుగా పనిచేయుచున్నను అధికారికముగా దానికి మారలేవు. గృహ వాడుకరులకు 2026 అక్టోబరు 13 వరకు రక్షణ సవరణలు పొందు వీలు కల్పింపబడినది. ఇందుకు 30 డాలర్లు చెల్లింపవచ్చును, లేదా తమ అమరికలను మైక్రోసాఫ్ట్ ఖాతాకు జతచేయవచ్చును.

పేజ్‌మేకరు, తెలుగు అక్షరములు

తెలుగువారికి ఈ విషయము బాగుగా తగిలినది డీటీపీలో. ఆల్డస్ సంస్థ 1985లో విడుదల చేసిన పేజ్‌మేకరు 1994లో అడోబ్ చేతికి వచ్చినది. 2001 నాటి 7.0 దాని చివరి రూపము. అడోబ్ తన క్రొత్త ప్రోగ్రామైన ఇన్‌డిజైన్‌కు వాడుకరులను తరలించుటకు 2004లో పేజ్‌మేకరు ఎడిషను అను ప్రత్యేక రూపమును తెచ్చినది. అందులో పాతదానిని పోలిన పనిముట్ల పట్టీ ఉండెను. పేజ్‌మేకరు మీటలను ఎంచుకొను వీలుండెను. పాత ఫైళ్ళను తెరచి మార్చు సదుపాయముండెను. అలవాటును కూడ లెక్కలోనికి తీసికొన్న మార్పిడులలో ఇది ఒకటి.

అయినను తెలుగు డీటీపీ కేంద్రములు చాలాకాలము పేజ్‌మేకరును విడువలేదు. కారణము అక్షరములను దాచిన తీరులో ఉన్నది. అను వంటి పాత తెలుగు ఫాంట్లలో, ఆంగ్ల అక్షరములకు కేటాయించిన సంఖ్యల స్థానములలో తలకట్టు, గుడి, వత్తు వంటి ఆకారముల ముక్కలను అమర్చిరి. తెర మీద తెలుగు కనిపించును. ఫైలులో ఉన్నది మాత్రము ఆంగ్ల చిహ్నముల వరుస. ఒక సంస్థ ఫాంటులో కూర్చినది మరియొక సంస్థ ఫాంటులో అర్థము లేని గీతలగును. యూనికోడ్‌లో ఇందుకు భిన్నముగా అక్షరమునకే సంఖ్య ఉండును. ఉదాహరణకు స్త్రీ అను మాట స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము అని ఆరు సంకేతములుగా దాచబడును. వాటిని కలిపి ఆకారముగా చూపుట సిస్టము పని, ఫాంటు పని.

ఇన్‌డిజైన్ పేజ్‌మేకరు ఫైలును తెరచినపుడు పుట, పటములు, నిలువు వరుసలు అన్నియు దాటివచ్చును. అక్షరములు మాత్రము ఆంగ్ల చిహ్నములుగానే మిగులును. అవి నిజమునకు తెలుగని అడోబ్ ప్రోగ్రామునకు తెలియదు. తాను ఎరిగిన వస్తువులనే ఏ సంస్థ అయినను దాటించగలదు. యూనికోడ్ తెలుగును సరిగా కూర్చగల సదుపాయమైనను, తక్కిన భారతీయ భాషలతో పాటు, 2012 నాటి సీఎస్6లో గాని ఇన్‌డిజైన్‌కు అధికారికముగా రాలేదు. తెలుగునకు యూనికోడ్‌లో స్థానము 1991లోనే లభించినదన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకొనదగినది.

విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అను యూనికోడ్ ఫాంటు ఉండెను. అయితే తెలుగు సరిగా కనిపించుటకు ప్రాంతీయ అమరికలలోనికి వెళ్ళి సంక్లిష్ట లిపుల సదుపాయమును ఎక్కించుకొనవలెను. దానికి విండోస్ సీడీ కావలసి వచ్చెను. కొన్న యంత్రముతో సీడీ రానివారికి ఈ మొదటి మెట్టే చివరి మెట్టయినది. విస్టా నుండి ఈ సదుపాయము ముందుగానే సిద్ధముగా ఉండుటతో ఇబ్బంది తొలగినది. పుస్తకముల శీర్షికలకు, పెండ్లిపత్రికలకు తగిన సొగసైన యూనికోడ్ ఫాంట్లు లేకపోవుట మరియొక అడ్డంకి. రామభద్ర, మండలి, గురజాడ, సూరన్న, ధూర్జటి వంటివి ఉచితముగా దొరకుటతో ఆ కొరత కొంత తీరినది.

పాత ఫాంట్ల నుండి యూనికోడ్‌నకు వంతెన కట్టిన పనిలో స్వచ్ఛంద కార్యకర్తల పాలు ఎక్కువ. ఒక్కొక్క తెలుగు పత్రిక తన వెబ్‌సైటునకు ఒక్కొక్క ఫాంటు వాడుచున్న రోజులలో, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరునకు చేర్చుకొను పద్మ అను ఉపకరణము ఆ పుటలను యూనికోడ్‌గా మార్చి చూపెడిది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 రూపము, పాత పద్ధతిలో వ్రాసిన ఉపకరణములన్నిటిని ఒక్కసారిగా నిలిపివేసినది. పద్మ మొదటి రూపము కూడ ఆ పద్ధతిలో వ్రాసినదే.

పాత డీటీపీ ఫైళ్ళు ఉన్నవారు వాటితో పాటు, ఏ ఫాంటులో కూర్చిరో ఆ ఫాంటును, పుట ఎట్లున్నదో చూపు పీడీఎఫ్ ప్రతిని కూడ భద్రపరచుట మంచిది. ఫాంటు పేరు తెలియనిదే మార్పిడి ఉపకరణములు పనిచేయవు. మార్చిన పాఠములో వత్తుల క్రమము, అరసున్నలు, అంకెలు, మధ్యలో వచ్చు ఆంగ్ల పదములు తరచు చెడిపోవుచుండును గనుక, పీడీఎఫ్ ప్రతిని ప్రక్కన పెట్టుకొని ప్రూఫు దిద్దువారు దానిని మరల మొదటినుండి చదువవలసి ఉండును.